ఉప్పుకు పాఠాంతరాలు

మార్చి 4, సోమవారం

ఈ దినం మా యింటి పొయ్యి ఆరిన దినం. నలభై ఆరేళ్లు రెండుపూటలా వెలిగిన పొయ్యి ఆరడమంటే ఒక గ్రంథం సమాప్తమైనట్టే. సమాప్తమైన గ్రంథం చివర వ్రాసినది ఎవరో, ఏనాడో, ఏ కారణం చేతనో చెప్పి సెలవు తీసుకోవడం వ్రాయసగాళ్ల మర్యాద. నేను ఆ మూడూ ముందే చెప్పి మొదలుపెడతాను. వ్రాస్తున్నది నేను, పాత పద్యకావ్యాల ప్రతులను ఒకదానితో ఒకటి సరిచూసి అచ్చుకు సిద్ధపరిచే పనిలో ముప్పై తొమ్మిదేళ్లు గడిపి విరమించినవాడిని. దినం నేడు. కారణం నా భార్య కళ్లు.

రెండు కళ్లకూ శుక్లాలు ముదిరాయి. ఈ ఉదయం గిన్నె అంచు అనుకొని మంటను పట్టుకొన్నది. రెండు వేళ్లు కమిలాయి. మంట ఇదివరకటిలా కనబడటం లేదనీ, అందులో తన తప్పేమీ లేదనీ అన్నది.

కంటి డాక్టరు ఏప్రిల్ 15న ఆపరేషన్‌కు రోజు నిర్ణయించాడు. అయితే రక్తపోటు పై అంకె నూట అరవై నాలుగు ఉన్నది. నూట యాభై దాటితే తాను కత్తి పట్టనన్నాడు. మాత్రలు అవే కొనసాగించాలి, ఉప్పు రోజు మొత్తానికి నాలుగు గ్రాములు మించకూడదు. ఇంట్లో ఎవరు వండుతారని అడిగాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నాం. ఆమెకు నా ముఖం కనిపించి ఉండదు. నాకు నీళ్లు కాచడం వచ్చు.

ఇక మిగిలినవి రెండు దారులు. వీధి మూలనున్న పార్సిల్ కొట్టు వేడివేడిగా కట్టి ఇచ్చే భోజనం ఒకటి. సూపర్‌మార్కెట్ చల్లటి అరలలో దొరికే, ఇంటికి తెచ్చి వేడిచేసుకొనే పెట్టె భోజనం రెండవది. ఏది ఆమెకు మేలో శాస్త్రీయంగా తేల్చవలసి ఉన్నది. ఇతరుల గ్రంథాలకు చేసిన పని ఇప్పుడు అన్నానికి చేస్తాను.

మార్చి 5, మంగళవారం

సూపర్‌మార్కెట్‌లో చల్లటి అర ముందు గంటా నలభై నిమిషాలు నిలబడి లేబుళ్లు చదివాను. అక్కడి పనివాడు వచ్చి ఏమైనా వెతుకుతున్నారా అని అడిగాడు. సరిచూస్తున్నానన్నాను. కాసేపటికి కుర్చీ తెచ్చి వేశాడు. మర్యాదస్తుడు.

లేబుళ్లను చూస్తే సంతోషం కలిగింది. అక్షరం చిన్నదైనా అచ్చు నిర్దుష్టం. తొమ్మిది రకాలలో ఒక్కదాని మీద మాత్రం అక్షరదోషం కనబడింది. అక్షరంలో తప్పినవాడు ఉప్పులో తప్పడని ఏమి నమ్మకం? దానిని పరిహరించాను. మిగిలిన వాటిలో కూరగాయల అన్నం ఉత్తమమని తేలింది. శక్తి 128 కేలరీలు, కొవ్వు 3.1 గ్రాములు, ఉప్పు 0.9 గ్రాము. పూటకు ఒక పెట్టె. రెండుపూటలకూ కలిపి ఉప్పు ఒకటీ ఎనిమిది, అంటే 1.8 గ్రాములు. డాక్టరు పెట్టిన హద్దులో సగం కూడా లేదు.

నేను రొట్టె, పాలు, అరటిపండుతో సరిపెట్టుకోదలిచాను. పరీక్షించేవాడు పరీక్షలో పాలుపంచుకోరాదు.

రాత్రి భోజనంలో ఆమె రెండు ముద్దలు తిని ఉప్పగా ఉన్నదన్నది. నేను అంకె చదివి వినిపించాను.

మార్చి 6, బుధవారం

ఆసుపత్రి తరఫున ప్రతి బుధవారం ఇంటికి వచ్చి రక్తపోటు చూసే నర్సమ్మ వచ్చింది. 162. దిగుతున్నది.

మార్చి 7, గురువారం

సాయంత్రం నడకకు వెళ్లాను. వచ్చాక ఆకలి లేదు.

మార్చి 9, శనివారం

పక్షపాతమన్న మాట రాకూడదని ఈ రోజు రెండవ పక్షాన్ని కూడా విచారించాను. మూలనున్న పార్సిల్ కొట్టులో మూడు పొయ్యిలు, గోడమీద ఒక పలక, నూనె వాసన, ఒక ఆవిడ. లేబులు అన్నది ఎక్కడా లేదు. నేను గుమ్మంలో కాలు పెట్టగానే ఆవిడ గరిటె ఎత్తి, "ఎప్పటిదేనా మేష్టారూ?" అన్నది. నన్ను మరెవరితోనో పొరబడినట్టున్నది.

ఒక పొట్లంలో ఉప్పు ఎంత పడుతుందని అడిగాను.

"చేతికొచ్చినంత."

"గ్రాములలో చెప్పగలరా?"

"నా చేతికి గ్రాములు తెలీవండి. మీకంత కావాలంటే త్రాసు తెస్తా."

నిజంగానే తెచ్చింది. గిన్నెలో వేయబోయిన ఉప్పును త్రాసులో పోసి, ఆ గిన్నె ఎన్ని పొట్లాలవుతుందో లెక్క చెప్పింది. నూడుల్స్ పొట్లానికి ఐదూ ఎనిమిది. నూనె సంగతి అడగవద్దన్నది. అడిగాను. చెప్పింది. కేలరీలు నేనే లెక్క కట్టాను, పదకొండు వందలకు తగ్గవు. కూరగాయలకు ప్రతినిధిగా రెండు ఉల్లిపాయ ముక్కలు ఉన్నాయి. ఎవరికోసమని అడిగితే విషయం చెప్పాను.

"అయితే మీ ఆవిడకి నా వంట వద్దండి. ఇది పని చేసొచ్చి ఆకలి మీదున్నవాళ్లు తినేది. కళ్లు బాగయ్యాక పంపండి."

తన సరుకును తానే వద్దనే వర్తకురాలిని ఇదే చూడటం. అయినా ఆవిడ సాక్ష్యం నా సిద్ధాంతానికే బలం చేకూర్చింది. పొట్లం ఐదూ ఎనిమిది, పెట్టె సున్నా తొమ్మిది. ఒకటి నోటిమాట, రెండవది అచ్చుమాట. వివాదం ముగిసింది.

ఇంటికి వచ్చి న్యాయం కోసం పెట్టెలోని కూరగాయలను కూడా చెంచాతో ఏరి లెక్కపెట్టాను. బీన్స్ ఏడు, క్యారెట్ పదకొండు, పచ్చబఠాణీ ఇరవై రెండు. ఏం చప్పుడని ఆమె అడిగింది. ఏరుతున్నానన్నాను. తాను తినేలోగా ఏరడం పూర్తవుతుందా అని అడిగింది.

మార్చి 10, ఆదివారం

ఉప్పగా ఉన్నదన్నది.

మార్చి 11, సోమవారం

ఉప్పగా ఉన్నదన్నది.

మార్చి 12, మంగళవారం

అదే మాట.

దీనిని గురించి కొంత ఆలోచించాను. దేనినైనా తెలుసుకొనే సాధనాలలో ఇంద్రియానుభవం మొదటిదని పెద్దలు ఒప్పుకొన్నారు. కాని ఆ ఇంద్రియం దోషరహితమై ఉండాలన్నారు. కామెర్ల రోగికి శంఖం పచ్చగా కనబడితే తప్పు శంఖానిది కాదు. డెబ్భై ఏళ్ల నాలుక, మాత్రలు మింగే నాలుక. ఎదుటనేమో విషయం తెలిసినవాడు, అబద్ధమాడి బావుకొనేది లేనివాడు అచ్చువేసిన మాట. ఈ రెండూ విరోధించినప్పుడు ఏది ప్రమాణమో చెప్పనక్కరలేదు. ఆమెకు మృదువుగా వివరించాను. అంతా విని మంచినీళ్లు అడిగింది. ఈ మధ్య నీళ్లు బాగా తాగుతున్నది. ఆరోగ్యానికి మంచిదే.

మార్చి 13, బుధవారం

168. ఏం తింటున్నారమ్మా అని నర్సమ్మ అడిగింది. అంకెలు నేను చెప్పాను. అంత తక్కువా అని ఆశ్చర్యపోయింది. ఆమె చీలమండలు నొక్కి చూసి ఏదో వ్రాసుకొన్నది.

మార్చి 14, గురువారం

నడక. ఆకలి లేదు.

మార్చి 17, ఆదివారం

బావమరిది వచ్చాడు. లారీలు బాగుచేసే షెడ్డు నడుపుతాడు. గోళ్లలో గ్రీజు, చేతిలో ఆపిల్ పండ్లు. అక్కయ్య మొహం ఉబ్బినట్టుందన్నాడు. ఆమె భోజనం గురించి నేను సవివరంగా చెప్పాను. పెట్టెకు నూట ఇరవై ఎనిమిది కేలరీలన్న చోట చేయెత్తి ఆపాడు.

"బావా, నూట ఇరవై ఎనిమిదితో మనిషి లేచి తలుపు కూడా తియ్యలేడు. ఇంత పెట్టెలో అంతేనా?"

ఇది ఈ కాలపు తేలిక ఆహారమనీ, అచ్చులో స్పష్టంగా ఉన్నదనీ చెప్పాను.

"మీకు అచ్చయితే చాలు. లారీ మీద విమానం అని రాస్తే టికెట్ అడుగుతారు."

ఆమె నవ్వింది. ఈ నెలలో నవ్వడం ఇదే. తమ్ముడు వెళ్లాక కూడా కొంతసేపు నవ్వింది.

మార్చి 20, బుధవారం

172.

అచ్చు తప్పు కాదు. మాత్రలు తప్పడం లేదు, నేనే లెక్కపెట్టి ఇస్తున్నాను. ఇక మిగిలిన కారణం ఒక్కటే. నేను ఇంట్లో లేని సమయంలో ఆమె పైన ఉప్పు వేసుకొంటూ ఉండాలి. ఉప్పు డబ్బాను అక్కడినుంచి తీసి నిఘంటువుల వెనుక పెట్టాను.

మార్చి 21, గురువారం

నడక.

మార్చి 22, శుక్రవారం

గచ్చు తుడిచే నీళ్లలో ఉప్పు వేసుకొందామని చేయి చాపితే డబ్బా లేదట. ఎక్కడని అడిగింది. చెప్పాను. ఎందుకని అడిగింది. అదీ చెప్పాను.

 అప్పుడు ఆమె అన్నది ఇది, మాట పొల్లుపోకుండా వ్రాస్తున్నాను.

"నలభై ఆరేళ్లు నా చేతి వంట తిన్నారు. ఒక్కనాడన్నా ఉప్పెక్కువైందని అన్నారా? అప్పుడు నా నాలుక పనికొచ్చింది."

మార్చి 23, శనివారం

మాట్లాడలేదు.

మార్చి 24, ఆదివారం

మాట్లాడలేదు. పెట్టె పూర్తిగా తిన్నది. ఉప్పగా ఉన్నదని కూడా అనలేదు. అనకపోవడం మెరుగుదలకు సూచన కావచ్చు.

మార్చి 27, బుధవారం

174. నర్సమ్మ ఇక్కడినుంచే ఆసుపత్రికి ఫోన్ చేసింది. వచ్చే బుధవారానికి తగ్గుముఖం కనబడకపోతే ఏప్రిల్ 15 వేరేవారికి ఇస్తారట. మళ్లీ మాకు రోజు దొరకడానికి ఐదు నెలలు పడుతుంది. ఎడమ కన్ను ఇప్పటికే పగలూ రాత్రీ తేడా తప్ప ఏమీ చూడటం లేదు. అది అందాకా ఆగుతుందో లేదో చెప్పలేమన్నారు.

నర్సమ్మ వెళ్లాక ఆమె కిటికీవైపు ముఖం పెట్టి కూర్చున్నది. ఇక్కడే కదూ మనం ప్రూఫులు చూసేది అన్నది. అవునన్నాను. ఐదు రోజుల తరువాత మొదటి మాట అది.

మార్చి 28, గురువారం

నడకకు వెళ్లలేదు.

వెళ్లలేదేమని అడిగింది. మనసు లేదన్నాను. అయితే వెళ్లి ఆ పెట్టె తెమ్మన్నది. తెచ్చాను. కిటికీ దగ్గర తన కుర్చీలో తాను కూర్చున్నది. ఎదుట నా కుర్చీ వేయమన్నది.

మా యింట్లో ముప్పై ఏళ్లు ప్రూఫులు సాగిన పద్ధతి ఇది. అచ్చుప్రతి నా చేతిలో, మూలప్రతి ఆమె చేతిలో. నేను ప్రతి అక్షరం, కామా, చుక్క, పుటసంఖ్య, శీర్షిక పైకి చదవాలి. తేడా వచ్చిన చోట ఆమె "ఆగండి" అనాలి. నేను అర్థం వెంట పరుగెత్తి అక్షరాలు మింగుతానని ఆమె ఫిర్యాదు. తప్పులు ఎక్కువగా నేను మింగిన చోటే దొరికేవి. ఈ సంగతి నేను ఏ పీఠికలోనూ వ్రాయలేదు.

"మూలప్రతి లేదు కదా," అన్నాను.

"నా నోట్లో ఉంది. మీరు చదవండి."

చదివాను. "శక్తి, నూట ఇరవై ఎనిమిది. కొవ్వు, మూడు చుక్క ఒకటి. ఉప్పు..."

"ఆగండి. శీర్షిక చదవలేదు."

"పోషక విలువలు."

"దాని కింద?"

దాని కింద గీత ఉన్నది. గీత కింద, వరుస నెత్తిన, చీమ తలంత అక్షరాలు ఉన్నాయి. భూతద్దం పెట్టి చదివాను.

"ప్రతి వంద గ్రాములకు."

 మంచి ప్రూఫ్ రీడరు తప్పు దొరికిన వెంటనే అరవదు.

"పెట్టె బరువెంత వేశాడు?"

ముందువైపు తిప్పి చూశాను. "నాలుగు వందల గ్రాములు."

"ఇప్పుడు గుణించండి."

మూడూ ఆరు. రెండుపూటలకూ ఏడూ రెండు. ఇరవై మూడు రోజులు.

ఒక చెంచా ముంచి నావైపు చాపింది. నా నోరు ఎక్కడున్నదో సరిగా కనబడక గడ్డం దగ్గర ఆపింది. నేనే వంగి తిన్నాను.

ఉప్పగా ఉన్నది.

మార్చి 29, శుక్రవారం

ఒకప్పుడు శిష్యుడొకడు పుట శీర్షిక చూడకుండా పద్యాలు ఎక్కించి, ఒక ఆశ్వాసంలోని నలభై పద్యాలను మరొక ఆశ్వాసంలో కలిపాడు. ఆ రోజే ఇంటికి పంపాను. ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. తెలిస్తే ఒక ఉత్తరం వ్రాసేవాడిని.

న్యాయం కోసం ఇది కూడా వ్రాయాలి. పొట్లం ఐదూ ఎనిమిది, పెట్టె మూడూ ఆరు. కేలరీలు అటు పదకొండు వందలు, ఇటు ఐదు వందల పన్నెండు. తులనలో పెట్టె ఇప్పటికీ గెలిచింది. ఆమెకు మాత్రం రెండూ పనికిరావు. మూడువారాలు నేను అడిగిన ప్రశ్న ఏది తక్కువ చెడ్డదన్నది. ఆమె అడిగినది నోట్లో ఏముందన్నది.

పార్సిల్ కొట్టుకు వెళ్లి ఆవిడకు జరిగినదంతా చెప్పాను. నవ్వుతుందనుకొన్నాను.

"పెట్టెకి నోరు లేదు కదండీ, మీరు తప్పు చదివితే ఆపడానికి," అన్నది.

నాకు సంబంధించినంతవరకు నోరున్న మనిషి ఇంట్లోనే ఉన్నదని చెప్పలేకపోయాను. పొద్దున తాను కూరగాయలు ఉడకబెట్టేటప్పుడు, ఉప్పూ నూనే పడకముందే ఒక గిన్నె పక్కన తీసి ఉంచుతానన్నది. పదింటికల్లా వచ్చి పట్టుకెళ్లమన్నది. అన్నం మాత్రం మీరే వండుకోవాలి, అది కూడా చేతకాకపోతే మీ చదువెందుకన్నది. 

మార్చి 30, శనివారం

పొయ్యి వెలిగింది. ఆమె కుర్చీలోంచి చెప్పింది, నేను తిరిగి చదివాను. బియ్యం ఒక గ్లాసు. ఒక గ్లాసు. నీళ్లు రెండున్నర. రెండున్నర. మంట తగ్గించండి. తగ్గించానన్నాను. తగ్గించలేదు, శబ్దం అలాగే ఉన్నదన్నది. నిజమే.

అడుగంటింది. పైభాగం తిన్నాం. ఇద్దరం అదే తిన్నాం.

మార్చి 31, ఆదివారం

బావమరిది వచ్చి మాడిన గిన్నె చూశాడు. షెడ్డుకు పంపితే ఇంజన్ గీకే బ్రష్షుతో గీకిస్తానన్నాడు. జరిగినది అక్కయ్య చెప్పింది, నన్ను కొంత కాపాడుతూనే. మామూలుగా అయితే వదిలేవాడు కాడు. ఈసారి నోరు మెదపకుండా గిన్నె చంకన పెట్టుకొని వెళ్లిపోయాడు. నోరు మెదిపి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 3, బుధవారం

161. చీలమండలు మామూలుగా ఉన్నాయి. మరొక వారం ఆగుతామని ఆసుపత్రివారు ఒప్పుకొన్నారు.

ఏప్రిల్ 4, గురువారం

నడక. నాలుగు వీధులు. ఆకలి వేసింది.

ఏప్రిల్ 7, ఆదివారం

చప్పగా ఉన్నదన్నది.

నా రచనలను ఎవరు ఎంత మెచ్చుకొన్నా ఇంత సంతోషం కలిగిన గుర్తు లేదు.

ఏప్రిల్ 9, మంగళవారం

ఉప్పు డబ్బాను నిఘంటువుల వెనుకనుంచి తీసి దాని చోట దాన్ని పెట్టాను. ఆమె ఏదో చప్పుడు విన్నది. ఏమిటని అడగలేదు.

ఏప్రిల్ 10, బుధవారం

148.

నర్సమ్మ రెండుసార్లు చూసింది. రెండవసారి 146. మొదటిదే వ్రాసుకోమన్నాను. పాఠాంతరాలలో కష్టమైనదాన్నే తీసుకోవడం మా పద్ధతి.

ఏప్రిల్ 15, సోమవారం

ముందుగా ఎడమ కన్ను. లోపలికి తీసుకువెళ్లేముందు ఆమె చేతికి కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. ఆమె దాన్ని నాకిచ్చింది. శీర్షికనుంచి అడుగున అచ్చుకూటం పేరు వరకు పైకి చదివాను. పద్దెనిమిది నిమిషాలు పట్టింది. డాక్టరు గడియారం చూసుకొన్నాడు. ఆమె ఒక్కసారి కూడా ఆగండి అనలేదు. సంతకం పెట్టింది.

వసారాలో రెండు గంటలు. బాగా జరిగిందన్నారు.

ఏప్రిల్ 16, మంగళవారం

కట్టు విప్పారు. నన్ను చూసి, చిక్కిపోయారేమన్నది. తరువాత, ఈ చొక్కా ఇంత మాసిపోయిందా అన్నది.

ఏప్రిల్ 26, శుక్రవారం

అన్నం ఈ రోజు అడుగంటలేదు. కూర తాను చేసింది. పక్కన నిలబడి ఉప్పు నన్ను వేయమన్నది. ఎంత అని అడిగాను. చిటికెడు అన్నది. చిటికెడంటే ఎన్ని గ్రాములని అడగలేదు.

సాయంత్రం ఈ పుస్తకం కోసం చూస్తే బల్లమీద తెరిచి ఉన్నది. నేనైతే మూసే పెట్టాను. పుటల అంచుల్లో పెన్సిలు గుర్తులు ఉన్నాయి. ఆ చేతివ్రాత నేను వేయి గ్రంథాలలో చూసినా గుర్తుపడతాను. నేను వ్రాసిన ఏ పుటా ఆ పెన్సిలును తప్పించుకొని అచ్చుకు వెళ్లలేదు. ఇది అచ్చుకు వెళ్లేది కాదు. ఆ సంగతి ఆమెకు నేను చెప్పి ఉండలేదు.

మార్చి 7 దగ్గర "నడక" కింద గీత. అంచున: "ఇక్కడ పాఠం లోపించింది. వేయించిన బంగాళాదుంపలు. వాసన చొక్కాకు ఉంది."

మార్చి 9, కొట్టు ఆవిడ నన్ను మరెవరితోనో పొరబడిందన్న చోట: "పొరబడలేదు."

మార్చి 14, 21: "పైదే."

మార్చి 12, శంఖం దగ్గర: "శంఖం ఉప్పగా ఉంది."

మార్చి 24 దగ్గర, అనకపోవడం మెరుగుదలకు సూచన అన్న వాక్యం మీద ప్రశ్నార్థకం. మరేమీ లేదు.

మార్చి 20, ఉప్పు డబ్బా వ్రాసిన చోట ఏ గుర్తూ లేదు. వెనక్కి, ముందుకి, రెండుసార్లు వెదికాను. ఆ పుటను మాత్రం అలాగే వదిలింది. దిద్దలేక వదిలిందో, దిద్దనక్కరలేదని వదిలిందో అడగవచ్చు. మనిషి పక్కగదిలోనే ఉన్నది. ఇది వ్రాయడం ముగించి అడుగుతాను.

గ్రంథం చివర చదివేవారిని దీవించి సెలవు తీసుకోవడం కూడా మర్యాదే. మా తరువాత అన్నం పొట్లమో పెట్టెయో విప్పేవారు ముందుగా అంకెల వరుస నెత్తినున్న శీర్షిక చదువుదురు గాక. ఎదుట కూర్చొని తింటున్న మనిషి ఉప్పగా ఉన్నదంటే చేతిలోని కాగితం కింద పెట్టి, తామూ ఒక ముద్ద తిందురు గాక. వారి కళ్లు వారి పెన్సిళ్లంత పదునుగా ఉండు గాక. వారు తప్పు చదివినప్పుడు ఆగండి అనే గొంతు ఆ యింట్లో నిండునూరేళ్లు పలుకు గాక.